ఐటీఐ ఎలక్ట్రీషియన్ నుంచి బీటెక్ దాకా: పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి నేరుగా పోవాలా, పాలీసెట్ రాసి మొదటి ఏడాది నుంచి చదవాలా?

గుత్తికోట (అనంతపురం జిల్లా)

అందరికీ నమస్తే. మా తమ్ముడు అనంతపురంలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండో సంవత్సరం చదవతాండాడు. చేతిపని బాగా వస్తాది. మోటార్ వైండింగ్, ప్యానెల్ వైరింగ్ ఎవురూ పక్కన లేకపోయినా చేస్తాడు. లెక్కలు మాత్రం అంతంతమాత్రమే. ఇప్పుడు వానికి బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) చదవాలని పట్టుదల వచ్చింది. ఇంట్లో పెద్దోళ్ళేమో "ఐటీఐలో చేరినోనికి ఇంజినీరింగ్ యాడ వస్తాది, ఆ పొద్దే ఇంటర్‌లో చేరాల్సింది" అంటాండారు.

ఐటీఐ అయినాక పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేరుగా చేర్చుకుంటారని విన్నాం. అది మేలా, లేకపోతే పాలీసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాయించి మొదటి ఏడాది నుంచి చదివించేది మేలా? లెక్కల్లో ఏమేం నేర్చుకోవాల, ఎప్పటి నుంచి మొదలుపెట్టాల? మధ్యలో ఒక ఏడు అప్రెంటిస్ చేస్తే చదువుకు అడ్డమవుతుందా? ఫీజుల సంగతి కూడా తెలిసినోళ్ళు చెప్పండి.


ఈఈఈ మాస్టారు (నంద్యాల)

ముందు పెద్దవాళ్ళ మాటకు లెక్క చెప్తానమ్మా. ఐటీఐ 2 ఏళ్ళు, పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరితే 2 ఏళ్ళు, ఈసెట్ (డిప్లొమా వాళ్ళకు బీటెక్ ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే 3 ఏళ్ళు. మొత్తం 7. ఇంటర్ దారిలో 2, బీటెక్ 4, మొత్తం 6. తేడా ఒక్క ఏడాదే. పాలీసెట్‌తో మొదటి ఏడాది నుంచి చదివితే 8 అవుతుంది. ఈ దారిలో ఎక్కడ ఆగినా చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ ఉంటుంది. ఇంటర్ ఎంపీసీ దగ్గర ఆగినవాడికి ఆ వీలు లేదు. కాబట్టి "ఆ పొద్దే చేరాల్సింది" అని తమ్ముడు బాధపడాల్సిన పని లేదు.

ల్యాటరల్ ఎంట్రీకి, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరడానికి, పదో తరగతి, ఆపైన రెండేళ్ళ ఐటీఐ ఉండాలి. ట్రేడ్ చేరబోయే బ్రాంచికి సంబంధించినదై ఉండాలి. ఎలక్ట్రీషియన్‌కు ఈఈఈ, ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్‌లకు మెకానికల్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్‌కు సివిల్. ఐటీఐలో 60 శాతం మార్కులు చూసుకోవాలి. తర్వాత దాటేసిన పాఠాలు చెప్పే బ్రిడ్జి కోర్సు, దాని పరీక్ష, ఆపైన సీటు. బ్రిడ్జి కోర్సు నోటీసు ఐటీఐ నోటీసు బోర్డులోనే పడుతుంది, గడువు తక్కువ ఇస్తారు. రెండో ఏడాది చివర్లో తమ్ముణ్ణి ప్రిన్సిపాల్ ఆఫీసులో అడుగుతూ ఉండమనండి. ఇది చదివే మిగతావాళ్ళకు ఒక మాట: వెల్డర్, డీజిల్ మెకానిక్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ఏడాది ట్రేడ్లు. వాటితో రెండో ఏడాదిలోకి పోలేరు, పాలీసెట్ రాయాల్సిందే.

ఇక అసలు విషయం. నేరుగా చేరితే ఒక ఏడాది మిగులుతుందని అందరూ సంతోషిస్తారు. ఆ ఏడాదిలో ఏముందో చూసేవాళ్ళు తక్కువ. డిప్లొమా మొదటి ఏడాది మ్యాథ్స్‌లో పాక్షిక భిన్నాలు, మాత్రికలు, త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యలు, నిరూపక జ్యామితి, అవకలనం ఉంటాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా ఆ ఏడాదిలోనే ఉంటాయి. తమ్ముడు నేరుగా 3వ సెమిస్టర్‌లో కూర్చుంటాడు. అక్కడ మ్యాథ్స్-2 ఇంటిగ్రేషన్‌తో మొదలవుతుంది. డిఫరెన్షియేషన్ సూత్రాలు నోటికి రానివాడికి ఇంటిగ్రేషన్ ఏం అర్థమవుతుంది? ల్యాటరల్ పిల్లలు తప్పేది ఎక్కువగా ఈ పేపరే. బ్రిడ్జి కోర్సు ఉన్న కొద్ది వారాల్లో ఏడాది సిలబస్ నింపలేదు.

సర్క్యూట్స్‌లో ఇంకోరకం చిక్కు. ఐటీఐలో ఏసీ సర్క్యూట్‌ను ఇంపెడెన్స్ త్రిభుజంతో చేస్తారు. రెసిస్టెన్స్ 6 ఓములు, ఇండక్టివ్ రియాక్టెన్స్ 8 ఓములు సిరీస్‌లో ఉంటే ఇంపెడెన్స్ 10. 230 వోల్టులకు కరెంటు 23 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.6, పవర్ 3174 వాట్లు. ఈ లెక్క తమ్ముడికి వచ్చే ఉంటుంది. డిప్లొమాలో దీన్నే 6 + జే8 అని రాస్తారు (జే అంటే −1 వర్గమూలం). సిరీస్ ఉన్నంతసేపు రెండు పద్ధతులూ ఒకటే. ఇలాంటి రెండు బ్రాంచీలు ప్యారలల్‌లో పెట్టగానే త్రిభుజం ఒక్కటే చాలదు. 1 ని 6 + జే8 తో భాగించాలి, అంటే పైనా కిందా 6 − జే8 తో గుణించి 0.06 − జే0.08 అని అడ్మిటెన్స్ రాబట్టాలి, తర్వాత రెండో బ్రాంచి అడ్మిటెన్స్‌తో కలపాలి. సంకీర్ణ సంఖ్యలు చదవని పిల్లవాడు ఇక్కడ ఆగిపోతాడు. విద్యుత్తు తెలియక కాదు, ఆ రాత తెలియక. వారం రోజులు కూర్చుంటే ఇది వచ్చేస్తుంది. ముందే నేర్పించండి.

దాటేసిన ఆ మొదటి ఏడాది సిలబసే ఈసెట్‌లో మళ్ళీ ఎదురవుతుంది. ఈసెట్ 200 మార్కులు, 3 గంటలు. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, బ్రాంచి పేపర్ 100. ఫిజిక్స్, కెమిస్ట్రీ 50 మార్కులూ మొదటి ఏడాది సరుకే. మ్యాథ్స్‌లోనూ చాలా భాగం అక్కడిదే. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. కానీ అర్హత వస్తే సీటు వచ్చినట్టు కాదు. అనంతపురం, పులివెందుల జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీల్లో సీటు కావాలంటే ర్యాంకు కావాలి, ర్యాంకు తేడా ఎక్కువగా మ్యాథ్స్‌లోనే వస్తుంది. బ్రాంచి పేపర్లో ఐటీఐ నుంచి వచ్చినవాళ్ళు గట్టిగా ఉంటారు. మెషీన్లు, కొలత పరికరాలు, వైరింగ్ ప్రశ్నలకు వాళ్ళు ఆలోచించాల్సిన అవసరమే ఉండదు.

అందుకని నేను చెప్పేది: ల్యాటరల్‌లోనే పంపించండి, కానీ దాటేసిన ఏడాది పుస్తకాలు మాత్రం కొనిపెట్టండి. 4వ సెమిస్టర్ అయ్యేలోగా ఆ మూడు సబ్జెక్టులూ సొంతంగా పూర్తి చేయాలి.


వర్క్‌షాప్ (కడప)

మాస్టారు చెప్పినవన్నీ నిజమే. చివరి సలహా దగ్గర నాది వేరే అభిప్రాయం. లెక్కలు అంతంతమాత్రం అంటున్నారు కాబట్టి పాలీసెట్‌ను పక్కన పెట్టొద్దు. రెండింటికీ సిద్ధం చేయండి, ఏది ముందు కుదిరితే దానికి కాదు, ఏది నప్పితే దానికి పోవచ్చు.

ఎందుకంటే పరీక్షల తేదీలు ఒకదానితో ఒకటి కుదరవు. ఐటీఐ ఆఖరి పరీక్షలు వేసవి దాటాక జరిగి, ఫలితాలు ఇంకా ఆలస్యంగా వస్తాయి. పాలిటెక్నిక్‌లో 3వ సెమిస్టర్ క్లాసులు అప్పటికే నడుస్తుంటాయి. ఆలస్యంగా చేరినవాడికి మొదటి యూనిట్లు పోతాయి, మొదటి ఇంటర్నల్ పరీక్ష మీద పడుతుంది, 75 శాతం హాజరు కూడా కష్టమవుతుంది. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపి ఫైన్ కట్టుకుని గట్టెక్కవచ్చు, 65 కన్నా తగ్గితే సెమిస్టర్ పోతుంది. చేరిన రోజు నుంచి ఒక్క క్లాసు మానకూడదు.

పాలీసెట్ 120 మార్కులు, 2 గంటలు: లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. అంతా పదో తరగతి సిలబస్. తప్పు జవాబుకు మార్కులు కోయరు. అర్హత మార్కులు వస్తే ర్యాంకు ఇస్తారు. వయోపరిమితి లేదు. పదో తరగతి లెక్కలు మళ్ళీ చదవడం ల్యాటరల్‌కూ అవసరమే కాబట్టి ఈ తయారీ వృథా పోదు.

ఇప్పుడు ఐటీఐ మార్కుల సంగతి. పాస్ కావడానికి ప్రాక్టికల్‌లో 60 శాతం, థియరీలో 33 శాతం చాలు. చాలామంది పిల్లలు థియరీని 33 దగ్గరే వదిలేస్తారు. తర్వాత మొత్తం మీద 60 రాక ల్యాటరల్‌కు దూరమవుతారు. ప్రాక్టికల్ మార్కులు ఎట్లాగూ వస్తాయి. థియరీ కంప్యూటర్ మీద బహుళైచ్ఛిక ప్రశ్నలతో ఉంటుంది, పాత ప్రశ్నలు గట్టిగా చేస్తే బాగా లాగవచ్చు. ఎంప్లాయబిలిటీ స్కిల్స్‌ను చులకనగా చూడొద్దు, ఆ మార్కులూ మొత్తంలో కలుస్తాయి.

లెక్కలు ఈ వరసలో మొదలుపెట్టండి. ముందు పదో తరగతి పుస్తకంలో వర్గ సమీకరణాలు, త్రికోణమితి, నిరూపక రేఖాగణితం. కారణాంక విభజన తడబడకుండా రావాలి, అది రాకపోతే పాక్షిక భిన్నాలు రావు. తర్వాత డిప్లొమా మ్యాథ్స్-1 పుస్తకంలో సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, త్రికోణమితి. అవధులు, అవకలనం ఆఖరున. అవకలనంలో ఘాత సూత్రం, గుణకార సూత్రం, భాగహార సూత్రం, గొలుసు సూత్రం ఈ నాలుగూ రోజూ పది పది లెక్కలుగా చేయాలి. చదివితే రావు, చేత్తో చేయాలి. రోజుకు గంటన్నర పెట్టగలిగితే చేరేలోగా చాలామటుకు అవుతుంది. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టమనండి, ఈసెట్‌లో అది ఉండదు.

ఇంకొకటి, ఎవరూ ముందు చెప్పనిది: భాష. ఐటీఐలో తెలుగులో విని, తెలుగులో అర్థం చేసుకుని, నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తిస్తారు. పాలిటెక్నిక్‌లో ఇంగ్లీషులో పేజీలు రాయాలి. స్టార్-డెల్టా స్టార్టర్ కళ్ళు మూసుకుని కనెక్షన్ ఇచ్చే కుర్రాడు, "స్టార్‌లో స్టార్ట్ చేస్తే లైన్ కరెంటు మూడో వంతు ఎందుకవుతుందో నిరూపించు" అంటే కాగితం తెల్లగా పెడతాడు. ఫేజ్ వోల్టేజి రూట్ 3లో ఒక వంతుకు తగ్గుతుంది కాబట్టి ఫేజ్ కరెంటు అంతే తగ్గుతుంది, డెల్టాలో లైన్ కరెంటు ఫేజ్ కరెంటుకు రూట్ 3 రెట్లు, రెండూ కలిసి మూడో వంతు. ఈ నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయడం ఇప్పటి నుంచి అలవాటు చేయించండి. రోజుకు ఒక పరికరం తీసుకుని బొమ్మ, భాగాలు, పనిచేసే తీరు ఒక పేజీలో రాస్తే చాలు.


గుత్తికోట

ఇద్దరికీ చానా థ్యాంక్స్ సార్. జే ఆపరేటర్ సంగతి ఈ పొద్దే వానికి చూపించినా, ఎప్పుడూ వినలేదంట. అప్రెంటిస్ గురించి, ఫీజు గురించి ఎవరన్నా చెప్తారా? ఇంట్లో డబ్బుకు కొంచెం ఇబ్బందే.


తుంగభద్ర (కర్నూలు)

అప్రెంటిస్ చెడ్డది కాదక్కా, కానీ ఎప్పుడు చేయాలనేది చూసుకోవాలి. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కు సాధారణంగా ఏడాది. పూర్తయ్యాక పరీక్ష రాస్తే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ వాళ్ళకు నెలకు కనీస స్టైపెండ్ 7,700 రూపాయలుగా పెట్టారు. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ అయి చేసుకోవాలి. మన వైపు గుంతకల్లు రైల్వే డివిజన్, ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర థర్మల్ స్టేషన్, ఆర్టీసీ వర్క్‌షాపులు, ఇవన్నీ చూసుకుంటూ ఉండాలి. రైల్వే అప్రెంటిస్‌కు రాతపరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ లిస్టు వేస్తారు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళకు లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఉద్యోగమే గురి అయితే ఇది పెద్ద విషయం.

తమ్ముడి గురి బీటెక్ అయితే మాత్రం అప్రెంటిస్‌ను ఇప్పుడు పెట్టొద్దు. రెగ్యులర్ పాలిటెక్నిక్, అప్రెంటిస్ ఒకేసారి చేయలేడు. ఏడాది లెక్కలు ముట్టకపోతే ఇప్పుడున్న కాస్తా పోతుంది. డిప్లొమా అయ్యాక ఈసెట్‌లో మంచి ర్యాంకు రాకపోతే అప్పుడు డిప్లొమా వాళ్ళ అప్రెంటిస్ చేయవచ్చు, దానికి స్టైపెండ్ కూడా ఎక్కువ. డబ్బు అవసరం ఇప్పుడే ఉందంటే అప్రెంటిస్ చేస్తూ పాలీసెట్‌కు చదివించండి. అలాంటప్పుడు ల్యాటరల్ ఆశ పెట్టుకోకుండా మొదటి ఏడాదిలో చేర్పించడమే మంచిది. మధ్యలో మరిచిపోయినదంతా ఆ ఏడాదిలో మళ్ళీ వస్తుంది.

ఫీజు: ప్రభుత్వ పాలిటెక్నిక్ అయితే ఫీజు పెద్ద భారం కాదు, హాస్టల్, బస్సు ఖర్చే ఎక్కువ. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ జ్ఞానభూమి పోర్టల్ ద్వారా కాలేజీ నుంచే నడుస్తాయి. ఆదాయ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్ సచివాలయంలో ముందే తీసుకోండి. చేరే వారం అక్కడ రద్దీ ఉంటుంది. తమ్ముడి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయిందో లేదో చూసుకోండి. స్కాలర్‌షిప్ ఎక్కువగా ఆగేది అక్కడే.

ఒకే స్థాయి చదువును రెండోసారి చదివితే స్కాలర్‌షిప్ రాదు, ఇది గుర్తుపెట్టుకోండి. ఎవరైనా ఇంటర్ పూర్తిచేసి మళ్ళీ పాలిటెక్నిక్ మొదటి ఏడాదిలో చేరాలనుకుంటే చేరకముందే కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్లో అడగాలి.


నల్లమల చెల్లి (ఆత్మకూరు, నంద్యాల జిల్లా)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ టెక్నీషియన్ మొదటి సంవత్సరం. నాకు బీటెక్ దారి ఉందా?


ఈఈఈ మాస్టారు (నంద్యాల)

ఉంది తల్లీ. ఇంటర్ బోర్డు ఒకేషనల్ వాళ్ళకు బ్రిడ్జి కోర్సు పెడుతుంది. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ బ్రిడ్జి పేపర్లు పాసైతే ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ మొదటి ఏడాదిలో చేరవచ్చు. అవి రాయకుండా కేవలం ఒకేషనల్ సర్టిఫికెట్‌తో ఈఏపీసెట్‌కు పోతే కౌన్సెలింగ్‌లో ఆగిపోతావు. పరీక్ష ఫీజు కట్టేటప్పుడే బ్రిడ్జి పేపర్లకు కూడా కట్టాలి, ఆఫీసు వాళ్ళు అడగకపోయినా నువ్వే అడుగు. ఈఏపీసెట్ 160 ప్రశ్నల్లో 80 మ్యాథ్స్, మిగతా 80 ఫిజిక్స్, కెమిస్ట్రీకి సగం సగం. ఎంపీసీ పిల్లలతో పోటీ అది. బ్రిడ్జి పేపర్లు పాసైనంత మాత్రాన ఆ స్థాయి రాదు, ఎంపీసీ పుస్తకాలే ముందేసుకుని చదువు. అది బరువనిపిస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి ఒకేషనల్ వాళ్ళనూ తీసుకుంటారు. అక్కడి నుంచి ఈసెట్, పైన చెప్పిన దారే. నీకు మొదటి సంవత్సరమే కాబట్టి రెండేళ్ళ పేపర్లూ తొందర లేకుండా రాసుకోవచ్చు.


వర్క్‌షాప్ (కడప)

గుత్తికోట చెల్లెమ్మా, కాగితాల సంగతి ఒకటి మిగిలింది. తమ్ముడి పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఐటీఐ రికార్డులో ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. ఒక అక్షరం తేడా ఉన్నా ట్రేడ్ సర్టిఫికెట్‌లో అదే అచ్చవుతుంది. సర్టిఫికెట్ వచ్చాక మార్పించుకోవాలంటే ఐటీఐ నుంచి పైకి పోయి రావాలి, నెలలు పడుతుంది, అంతలో కౌన్సెలింగ్ అయిపోతుంది. చదువుతున్నప్పుడే అయితే ట్రైనింగ్ ఆఫీసర్‌కు పదో తరగతి మెమో జిరాక్స్‌తో అర్జీ ఇస్తే సరిపోతుంది.

4వ తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఐటీఐ రెండేళ్ళ స్టడీ సర్టిఫికెట్ విడిగా తీసి పెట్టండి. కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) రీజియన్ కిందికి వస్తాయి. 85 శాతం సీట్లు స్థానికులకే. ఆ స్టడీ సర్టిఫికెట్లలో ఒక ఏడాది లేకపోతే స్థానికత దగ్గర పేచీ వస్తుంది. ఊరి బడి మూతపడో, కలిపేసో ఉంటే మండల విద్యాధికారి ఆఫీసులో రికార్డు దొరుకుతుంది, వేసవి సెలవులకు ముందే పోయి తీసుకోండి.

ఇంకొక దారి కూడా తమ్ముడి చెవిన వేయండి. పని చేయడమే కాక ఇంకొకరికి నేర్పడం ఇష్టమైతే, ఐటీఐ లేదా డిప్లొమా తర్వాత సీఐటీఎస్ అని ఏడాది కోర్సు ఉంది, హైదరాబాదులోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల్లో చెప్తారు. ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్ పోస్టులకు అది పనికొస్తుంది. డిప్లొమా, సీఐటీఎస్ రెండూ ఉన్నవాళ్ళు మన మూడు జిల్లాల్లో తక్కువ.

తమ్ముడు ఏ పేపర్లో ఆగుతున్నాడో, బ్రిడ్జి కోర్సు నోటీసు పడిందో లేదో ఇక్కడ రాస్తూ ఉండండి. మ్యాథ్స్-1 పుస్తకం దొరక్కపోతే కర్నూలు, నంద్యాల, అనంతపురం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో రెండో ఏడాదికి పోయిన పిల్లలను అడగండి, సగం ధరకు ఇస్తారు. అతను చేరబోయే బ్యాచ్‌కు ఏ సిలబస్ నడుస్తుందో అడిగి ఆ సిలబస్ పుస్తకమే తీసుకోండి. పాత సిలబస్ పుస్తకంలో చాప్టర్ల వరస వేరుగా ఉంటుంది.